అడాస్ ఉన్న కారా, లేని కారా? నెల్లూరు–ఒంగోలు రోడ్డు మీద తిరిగేవాళ్లకి నా సలహా

పోయిన నెల మా బావమరిది ఒంగోలు నుంచి ఫోన్ చేశాడు. "బావా, కారు బుక్ చేద్దామనుకుంటున్నా. అడాస్ ఉన్న వేరియంట్ తీసుకోవాలా, కిందది తీసుకుంటే సరిపోద్దా? రెంటికీ రెండు లక్షల పైనే తేడా చెప్తున్నారు" అన్నాడు. అడాస్ అంటే కెమెరా, రాడార్ల సాయంతో ప్రమాదాన్ని పసిగట్టి మనల్ని హెచ్చరించే, అవసరమైతే బ్రేకో స్టీరింగో తానే అందుకునే ఏర్పాట్లన్నిటికీ కలిపి పెట్టిన పేరు. అదే వారం మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు కూడా ఇదే ప్రశ్న వేశారు. ఇద్దరికీ నేను వేరువేరు జవాబులు చెప్పాను. ఎందుకలా చెప్పానో ఇక్కడ వివరంగా రాస్తున్నా. మన జిల్లాల్లో కారు కొనేవాళ్లు చాలామంది ఈ అడాస్ దగ్గరే ఆగిపోయి ఆలోచిస్తున్నారు.

ముందు నాకు జరిగింది చెప్తాను. మార్చి నెల, తెల్లవారుజామున ఐదు కూడా కాలేదు. నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్తున్నాం. కావలి దాటాం, ఇంకా చీకటే. నేను 80లో ఉన్నాను. ఎదురుగా డివైడర్ అవతల నుంచి ఒక బస్సు హైబీమ్ కళ్లలో కొట్టింది. అది దాటేలోపే డాష్‌బోర్డు మీద ఎర్ర బొమ్మ వెలిగి, టకటకమని శబ్దం మొదలైంది. నా కాలు ఇంకా బ్రేకు మీదికి రాలేదు. ఎవరో పక్కన కూర్చుని తొక్కినట్టు కారు తనంతట తానే గట్టిగా బ్రేకు వేసుకుని ముందుకి ఒంగింది. అప్పుడు కనపడింది, ముందు గడ్డి ట్రాక్టరు. దానికి వెనక లైటు లేదు. రేడియం స్టిక్కరు ఉంది కానీ ట్రాలీ అంచు నుంచి వేలాడుతున్న వరిగడ్డి దాన్ని పూర్తిగా కప్పేసింది. నేను కూడా బ్రేకు బలంగా తొక్కాను. మా ఆవిడ ఒళ్లో ఉన్న టిఫిన్ క్యారియర్ ఎగిరి కిందపడింది. ట్రాక్టరుకీ మాకూ మధ్య ఒక కారు పట్టేంత జాగా మిగిలింది.

ఆ రోజు నుంచి ఈ టెక్నాలజీ గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ దాని మీద గౌరవమూ పెరిగింది, దాని హద్దులూ తెలిశాయి.

ఇది ఎక్కడ తప్పనిసరి, మన దగ్గర ఏంటి పరిస్థితి

ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, పొట్టిగా ఏఈబీ, అంటే ముందున్న వాహనాన్నో మనిషినో గుద్దబోతున్నామని కారే గ్రహించి, మనం స్పందించకపోతే తానే బ్రేకు వేసే ఏర్పాటు. యూరప్‌లో ముందున్న వాహనాన్ని గుర్తించే ఏఈబీ 2022 జూలై నుంచి కొత్త మోడళ్లకి, 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. అమెరికా 2024 ఏప్రిల్‌లో నిబంధన ఖరారు చేసి, కంపెనీలకి 2029 సెప్టెంబర్ దాకా గడువు ఇచ్చింది. మన దగ్గర కేంద్ర రవాణా శాఖ 2025 మార్చిలో ఒక ముసాయిదా తెచ్చింది. అది బస్సులు, పెద్ద లారీలు, ఎనిమిది మందికి మించి ప్రయాణికుల్ని ఎక్కించుకునే వాహనాల గురించి. మామూలు ఫ్యామిలీ కారు ఆ జాబితాలో లేదు. అంటే మన కారులో ఏఈబీ ఉండాలో వద్దో మనమే తేల్చుకోవాలి, డబ్బూ మనమే పెట్టుకోవాలి.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, సీట్ బెల్ట్ గుర్తుచేసే బీప్, రివర్స్ సెన్సార్లు, 80 దాటితే వచ్చే హెచ్చరిక ఇవన్నీ ఏ వేరియంట్‌లో అయినా ఉండాల్సినవే. షోరూంలో వీటిని ప్రత్యేకతలుగా చదివి వినిపిస్తే వాటికి విలువ కట్టొద్దు.

లెవల్ 2 అనే మాట వెనక పడొద్దు

మా బావమరిదికి షోరూంలో చెప్పిన మొదటి మాట, "సార్, ఇది లెవల్ 2, పక్క కంపెనీది లెవల్ 1." పరీక్షలో మార్కుల్లాగా రెండు పెద్దది, ఒకటి చిన్నది అనుకుంటాం. కానీ ఈ లెవల్ చెప్పేది వేరే సంగతి. కారు వేగాన్నీ స్టీరింగ్‌నీ రెంటినీ ఒకేసారి అదుపు చేస్తూ పోగలిగితే లెవల్ 2. రెంటిలో ఏదో ఒకటే అయితే లెవల్ 1. ఏఈబీ లాగా ప్రమాదం వచ్చిన క్షణంలో మాత్రమే జోక్యం చేసుకునేవి ఆ లెక్కలో లెవల్ సున్నా కిందికి వస్తాయి. అవును, మన ప్రాణం కాపాడేది సున్నా కింద ఉంది. కాబట్టి లెవల్ 2 అనే స్టిక్కరు చూసి బ్రేకింగ్ కూడా గొప్పగా ఉంటుందని అనుకోవడానికి లేదు.

అడగాల్సింది వేరే. ఈ కారు ఏఈబీ ముందున్న వాహనాన్నే గుర్తిస్తుందా, నడిచే మనిషినీ, టూ వీలర్‌నీ కూడా గుర్తిస్తుందా? ఒక్కోదానికి ఎంత వేగం వరకు పనిచేస్తుంది? ఈ అంకెలు కారుతో ఇచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటాయి. వాహనానికి ఒక హద్దు, మనిషికి దానికంటే తక్కువ హద్దు ఉండటం మామూలే. సేల్స్ అబ్బాయి నోటిమాట కాకుండా ఆ పేజీ తెరిచి చూపించమనండి. మాన్యువల్ దాదాపు అన్ని కంపెనీల వెబ్‌సైట్లలోనూ దొరుకుతుంది.

టూ వీలర్ గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా టూ వీలర్ల మీద వెళ్లేవాళ్లు, 19 శాతానికి పైగా నడిచేవాళ్లు. ఎన్‌హెచ్ 16 మీద వెళ్తుంటే టంగుటూరు దగ్గరైనా, కోవూరు దగ్గరైనా, నాయుడుపేట దగ్గరైనా డివైడర్ సందులోంచి హఠాత్తుగా వచ్చేది బైకే. దాన్ని గుర్తించని ఏఈబీ మనకి సగం పనికే వస్తుంది.

ఎదురుగా ఉన్న దారులు

కెమెరా ఒక్కటే ఉన్న కార్లు ఒక రకం. ముందు అద్దం పైన, లోపలి వైపు ఒక కెమెరా ఉంటుంది. హోండా ఎలివేట్, సిటీ, 2024 డిసెంబర్‌లో వచ్చిన మూడో తరం అమేజ్ ఈ పద్ధతిలోవే. 2023లో హ్యుందాయ్ వెన్యూకి వచ్చిన లెవల్ 1 కూడా కెమెరాదే. కెమెరాకి ఆకారాలు బాగా తెలుస్తాయి. ఇది మనిషి, ఇది బైకు, ఇది తెల్లగీత అని పోల్చుకుంటుంది. ధర కూడా అందుబాటులో ఉంటుంది. కానీ మన కంటికి ఏది ఇబ్బందో దానికీ అదే ఇబ్బంది. నవంబర్ వానల్లో వైపర్ ఫుల్ స్పీడులో కొట్టుకుంటున్నప్పుడు, తెల్లారుజామున పొగమంచులో, సాయంత్రం సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు అది తప్పుకుని "ప్రస్తుతం పనిచేయడం లేదు" అని మెసేజ్ పెడుతుంది.

కెమెరాతో పాటు రాడార్ కూడా ఉన్నవి రెండో రకం. 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700తో ఇది మధ్యతరగతి కొనగలిగే ధరకి దగ్గరైంది. ఆ తర్వాత సెల్టోస్, క్రెటా, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ లాంటి వాటి పై వేరియంట్లలోకి వచ్చింది. రాడార్ రేడియో తరంగాలు పంపి చూస్తుంది కాబట్టి దానికి చీకటితో పని లేదు. ముందున్నది ఎంత దూరంలో ఉంది, మనకంటే ఎంత తక్కువ వేగంతో పోతోంది అన్నది సూటిగా కొలుస్తుంది. ఆ రోజు నా కారు ట్రాక్టరుని పట్టుకున్నది ఇలాగే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. ఆ ట్రాక్టరు కదులుతోంది. అదే పాడైపోయి రోడ్డు మీద ఆగిపోయిన లారీ అయ్యుంటే? రాడార్‌కి ఆగి ఉన్న వస్తువులు లెక్కలేనన్ని కనపడతాయి. సైన్‌బోర్డులు, డివైడర్ కమ్మీలు, కల్వర్టు గోడలు. వాటన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకే పోదు. అందుకని వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఆగి ఉన్నవాటిని రాడార్ లెక్కలోంచి పక్కన పెట్టే సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. అప్పుడు అది లారీయేనని కెమెరా ఒప్పుకోవాలి. లైట్లు లేని లారీ వెనక భాగం చీకట్లో కెమెరాకి సరిగా ఆనదు. మన హైవే పక్కన దాబాల ముందు సగం రోడ్డు మీదికి వచ్చి ఆపే లారీలు, కృష్ణపట్నం పోర్టు వైపు లైను కట్టి నిలబడే ట్రైలర్లు, చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు వేసుకొచ్చే బళ్లు మీకూ తెలుసు. వాటి విషయంలో ఏ కంపెనీ అడాస్‌నీ నమ్మి కూర్చోవద్దని చేతులు జోడించి చెప్తున్నా.

మూడో దారి, అడాస్ లేని మధ్య వేరియంట్ తీసుకుని ఆ డబ్బుని వేరే భద్రత మీద పెట్టడం. దీన్ని తక్కువ చేయొద్దు. ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, భారత్ ఎన్‌క్యాప్‌లో (కార్లని గుద్దించి చూసి స్టార్లు ఇచ్చే మన దేశపు పరీక్ష) మంచి రేటింగ్ ఉన్న గట్టి బాడీ, ఇవి ఉన్న కారు అడాస్ లేకపోయినా మంచి కారే. ఈఎస్‌సీ అంటే మలుపులో కారు జారబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది. గిద్దలూరు నుంచి నంద్యాల ఘాట్ ఎక్కేవాళ్లకి, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకి ఏఈబీ కంటే ఇదే ముఖ్యం అంటాను. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2023లో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పద్ధతిలో స్టార్లు ప్రధానంగా గుద్దినప్పుడు లోపలివాళ్లకి ఎంత రక్షణ ఉంటుందో చూసి ఇచ్చేవి. అడాస్ ఎంత బాగా పనిచేస్తుందో అవి చెప్పవు.

ఇక బయట షాపుల్లో పెట్టే డాష్‌క్యామ్‌లు. "అన్నా, దీంట్లో కూడా అడాస్ ఉంది" అంటారు. అది బీప్ కొడుతుందంతే, బ్రేకు వేయదు. పాత కారు ఉన్నవాళ్లు కెమెరా రికార్డింగ్ కోసం పెట్టుకోవచ్చు. ఏఈబీ అనుకుని కొనొద్దు.

ఆ ఒకటిన్నర సెకను విలువ

లెక్క చూడండి. 80 వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ప్రమాదం కనపడి కాలు బ్రేకు మీదికి రావడానికి ఒకటిన్నర సెకను అనుకుంటే 33 మీటర్లు అక్కడే అయిపోయాయి. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 35 మీటర్లు. మొత్తం దాదాపు 70. అదే 100 వేగంలో అయితే వందకి దగ్గర. లో బీమ్ వెలుగులో మురికిపట్టిన ట్రాలీ కనపడేది 50, 60 మీటర్ల లోపే. ఏఈబీ మనకి మిగిల్చేది ఆ మొదటి 33 మీటర్లలో కొంత. పూర్తిగా ఆపలేకపోయినా 80లో గుద్దేదాన్ని 40కి తెస్తే లోపల కూర్చున్నవాళ్లకి అది ప్రాణానికీ ప్లాస్టర్ కట్టుకీ ఉన్నంత తేడా.

అమెరికాలో బీమా కంపెనీల ఖర్చుతో నడిచే ఐఐహెచ్ఎస్ అనే భద్రతా సంస్థ, ఏఈబీ ఉన్న కార్లు ముందు వాహనాన్ని వెనక నుంచి గుద్దడం సగానికి తగ్గిందని తేల్చింది. మనుషుల్ని గుర్తించే ఏఈబీతో పాదచారుల్ని గుద్దడం 27 శాతం తగ్గింది. అయితే అదే పరిశీలనలో, వీధిలైట్లు లేని రోడ్ల మీద రాత్రిపూట ఆ తగ్గుదల కనపడలేదు. పొదిలి, కనిగిరి, దర్శి వైపు రాత్రిపూట తిరిగేవాళ్లు ఈ చివరి మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. అక్కడ మీ హెడ్‌లైట్లే మీ అడాస్. రెండు వేరియంట్లలో ఒకదానికి మంచి ఎల్ఈడీ లైట్లు ఉండి, రెండోదానికి పాత హాలోజెన్ ఉంటే ఆ తేడాకి కూడా విలువ కట్టండి.

మిగతా ఫీచర్లలో ఏవి మనకి పనికొస్తాయి

గీత దాటితే స్టీరింగ్‌ని లాగే లేన్ కీప్ హైవే మీద బాగానే ఉంటుంది. ఊళ్ల రోడ్ల మీదికి దిగగానే నేను దాన్ని ఆపేస్తాను. కోతల కాలంలో రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. వాటిని తప్పించడానికి మనం కుడికి తిప్పుతుంటే, ఇండికేటర్ వేయలేదని అది ఎడమకి లాగుతుంది. బలంగా ఏం లాగదు, మనం తిప్పితే తిరుగుతుంది, కానీ ఆ క్షణంలో గుండె ఝల్లుమంటుంది. ఆ రాళ్లని మాత్రం ఏ కెమెరా పట్టించుకోదు.

అడాప్టివ్ క్రూజ్, అంటే ముందు వాహనానికి దూరం పాటిస్తూ తనే వేగం తగ్గించి పెంచుకునేది, వెంకటాచలం టోల్‌గేట్ దాటాక నాయుడుపేట దాకా హాయిగా ఉంటుంది. నెల్లూరు, కోవూరు మధ్య వాడితే విసుగొస్తుంది. అది వదిలిన ఖాళీలోకి ఆటో దూరుతుంది, కారు బ్రేకు వేస్తుంది, వెనకవాడు హారన్ కొడతాడు. పైగా దీని వల్ల ప్రమాదాలు తగ్గాయనడానికి ఏఈబీకి దొరికినట్టు ఆధారాలు దొరకలేదు. ఇది సుఖం కోసం ఉన్నది, రక్షణ కోసం కాదు. అందుకే రెంటినీ ఒకే గంపలో పెట్టి ధర కట్టొద్దంటున్నా.

బ్లైండ్ స్పాట్ హెచ్చరికకి నా ఓటు గట్టిగా ఉంది. ట్రంక్ రోడ్డులో ఎడమ పక్కనుంచి బైకులు ఎలా వస్తాయో నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. అద్దంలో చిన్న పసుపు లైటు వెలిగితే చాలు, చెయ్యి ఆగిపోతుంది. రివర్స్‌లో వెనక అడ్డంగా వచ్చేవాటిని చెప్పేది కూడా అంతే, ఇంటి గేటులోంచి రోడ్డు మీదికి వెనక్కి తీసేవాళ్లకి చాలా ఉపయోగం. నిద్రమత్తు హెచ్చరిక కూడా ఉంటే మంచిదే. తిరుమల దర్శనం చేసుకుని అదే రాత్రి ఒంగోలుకో మార్కాపురానికో తిరిగొచ్చే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. కానీ అది టీ కప్పు బొమ్మ చూపిస్తే బండి పక్కన ఆపాలి, సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేయకూడదు.

ఇద్దరికీ ఏం చెప్పాను

మాస్టారు కారు తిప్పేది మాగుంట లేఅవుట్, దర్గామిట్ట, ట్రంక్ రోడ్డు. వేగం 30, 40 దాటదు. పెద్ద ప్రయాణం అయితే వాళ్లబ్బాయి నడుపుతాడు. ఆయన బడ్జెట్‌లో రెండు కార్లు మిగిలాయి. ఒకటి ఏఈబీ ఉండి క్రాష్ రేటింగ్ అంతంతమాత్రంగా ఉన్నది, రెండోది ఏఈబీ లేకుండా అయిదు స్టార్లు, ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ, వెనక కెమెరా ఉన్నది. "మాస్టారూ, రెండోది తీసుకోండి" అన్నాను. ఊళ్లో ఆ వేగంలో ఏఈబీ పనికిరాదని కాదు, నిజానికి తక్కువ వేగంలోనే అది బాగా ఆపగలదు. కానీ ఆ వేగంలో తగిలితే ఎక్కువసార్లు బంపర్ పోతుంది. గట్టి బాడీ అవసరం పడేది వాళ్లబ్బాయి అందర్నీ ఎక్కించుకుని హైవే ఎక్కిన రోజున. అప్పుడు లోపల ఉండేది మాస్టారి మనవళ్లు.

మా బావమరిది సంగతి వేరు. నెలకి రెండు మూడు సార్లు ఒంగోలు నుంచి చెన్నై వెళ్తాడు, పని ముగించుకుని రాత్రికే బయల్దేరతాడు. వాడికి సన్‌రూఫ్ వదిలేయమని, ఇంకో ఆరు నెలలు ఆగైనా సరే కెమెరా, రాడార్ రెండూ ఉన్న వేరియంట్ తీసుకోమని చెప్పాను. అదే డబ్బుకి పెద్ద కారు కింది వేరియంట్ వస్తుందన్నాడు. చిన్న కారు పై వేరియంట్ తీసుకోరా అన్నాను, ఆ చిన్న కారుకి కూడా మంచి క్రాష్ రేటింగ్ ఉంది కాబట్టి. లేకపోతే ఆ మాట అనేవాణ్ణి కాదు.

కొన్నాక మర్చిపోకూడనివి

నా కారు ముందు అద్దం ఒకసారి పగిలింది. టిప్పర్ నుంచి ఎగిరిన కంకర. అద్దం మార్చిన చోట కెమెరాకి కాలిబ్రేషన్, అంటే దాని చూపు సరిగ్గా కుదిర్చే పని, చేయకుండానే బండి అప్పగించారు. వారం పాటు ఖాళీ రోడ్డు మీద హెచ్చరికలు వస్తుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. గట్టిగా అడిగితే అప్పుడు చేసి ఇచ్చారు. అద్దం మార్చినా, ముందు బంపర్ మార్చినా కాలిబ్రేషన్ చేశారా అని అడిగి బిల్లులో రాయించుకోండి. బంపర్ గార్డు అసలు వేయించొద్దు. అది 2017 నుంచే చట్టవిరుద్ధం, పైగా రాడార్‌కి సరిగ్గా ఎదురుగా ఇనప కమ్మీ వస్తుంది.

ఇంకోటి, మన ఇళ్లలో మాత్రమే వచ్చే సమస్య. కొత్త కారుకి పూజ చేయించినప్పుడు పంతులుగారు అద్దం పైభాగంలో, సరిగ్గా కెమెరా ముందు, పసుపుతో స్వస్తిక్ వేశారు. బంపర్ మధ్యలో రాడార్ మీదకి బంతిపూల దండ వచ్చింది, దాని కింద నిమ్మకాయలు, మిరపకాయలు. గుడి దగ్గర నుంచి ఇంటికొచ్చేలోపు డాష్‌బోర్డు మీద మూడు హెచ్చరికలు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే తడి గుడ్డతో తుడవమన్నారు, సరిపోయింది.

మా బావమరిది నిన్న బుక్ చేశాడు. డెలివరీ వచ్చే శుక్రవారం. అత్తయ్యకి ముందే ఫోన్ చేసి చెప్పాను, పసుపూ కుంకుమా బానెట్ మీద పక్కగా పెట్టించమని, అద్దం పైన మాత్రం వద్దని. "అట్నేలే నాయనా, పంతులుగారికి నేను చెప్తా" అంది.